కణుజు వేట తుపాకులు

కణుజు వేట తుపాకులు అనగా కణుజు వంటి బరువైన దుప్పిజాతి జంతువులను వేటాడుటకు ఒకప్పుడు ఉపయోగించిన రైఫిళ్ళు, ఇతర తుపాకులు. ప్రస్తుత తెలంగాణలోని నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాలలో (పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు) విస్తరించిన అమ్రాబాద్ పీఠభూమి, నల్లమల అడవులు కణుజులకు పేరుపొందిన ప్రాంతాలు. ఇక్కడి వేటలో తుపాకి ఎంపిక రెండు విషయాలపై ఆధారపడి ఉండేది. మొదటిది, జంతువును ఒకే దెబ్బతో పడగొట్టగల శక్తి. రెండవది, కాల్చినపుడు తుపాకి వెనుకకు తన్నే తన్నును వేటగాడు గురి తప్పకుండా భరించగలగడం. ఈ రెండింటి మధ్య పొంతన కుదరనపుడు జంతువు గాయంతో తప్పించుకుపోయి అడవిలో బాధపడి చనిపోయేది. భారతదేశంలో కణుజు వేట నేడు చట్టరీత్యా నేరం.

పేరు, జంతువు

కణుజును కడితి, సాంబరు అని కూడా అంటారు. దీని శాస్త్రీయ నామం రూసా యూనికలర్. భారతదేశంలోని దుప్పులలో ఇదే పెద్దది. ఎదిగిన మగ కణుజు సాధారణంగా 200 నుండి 320 కిలోల వరకు తూగుతుంది. ముదురు గోధుమ రంగు, మెడపై గరుకైన జూలు, సాధారణంగా ఒక్కొక్కటి మూడు మొనలుగా చీలిన కొమ్ములు మగదాని గుర్తులు. పగలు దట్టమైన పొదలలోనూ, వాగుల లోయలలోనూ దాగి, సాయంత్రం నుండి తెల్లవారే వరకు మేస్తుంది.

పంతొమ్మిదవ శతాబ్దంలో దక్షిణ భారతదేశంలోనూ, సింహళంలోనూ ఉన్న ఆంగ్లేయ వేటగాళ్ళు కణుజును 'ఎల్క్' అని పిలిచేవారు. ఐరోపాలో అదే పేరు మూస్ అనే జంతువుకు, ఉత్తర అమెరికాలో వాపిటి అనే మరొక దుప్పికి చెందుతుంది. అందువలన పాత వేట పుస్తకాలలో 'ఎల్క్' అన్న మాట కనిపించినపుడు అది ఏ దేశపు జంతువో చూసుకోవలసి ఉంటుంది. రాకీ పర్వతాలలోని మగ వాపిటి సుమారు 320 కిలోలు ఉంటుంది. పెద్ద కణుజు బరువు దానికి దగ్గరగా ఉండుటచే, వాపిటి వేటకు అమెరికాలో చెప్పే తుపాకి సూత్రాలు చాలావరకు కణుజుకు కూడా వర్తిస్తాయి. భేదమంతా కాల్చే దూరంలో ఉన్నది.

ప్రాంతం, వేట పద్ధతులు

అమ్రాబాద్ పీఠభూమి కృష్ణానదికి ఉత్తరాన ఉన్నది. దీనిని ఎగువ, దిగువ పీఠభూములుగా విభజిస్తారు. మన్ననూరు, ఫరహాబాద్ వంటి చోట్ల టేకు, నల్లమద్ది, వెదురు కలిసిన ఆకురాల్చు అడవులు, నడుమ గడ్డి మైదానాలు ఉన్నాయి. నల్గొండ వైపు దేవరకొండ, చందంపేట అడవులు మరింత పొడిగా, రాళ్ళ గుట్టలతో ఉంటాయి. నిజాం కాలంలో ఈ అడవులు హైదరాబాదు సంస్థానంలో భాగం.

ఇక్కడి తొలి వేటగాళ్ళు చెంచులు. వీరి ఆయుధం విల్లమ్ములు. 1940లో వీరి మధ్య నివసించి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ తన గ్రంథాన్ని 1943లో ప్రచురించాడు. చెంచుల జీవనంలో అడవి దుంపలు, ఫలాలు, తేనె సేకరణకు ఉన్న ప్రాధాన్యాన్ని ఆయన వివరించాడు.

తుపాకితో వేటాడేవారు ప్రధానంగా మూడు పద్ధతులు పాటించేవారు.

- హాంకా: కొందరు కేకలతో, డప్పులతో అడవిని కదిలించి జంతువులను తుపాకి పట్టినవారి వైపు తోలడం. జంతువు పరుగెత్తుతూ వస్తుంది కనుక గురికి దొరికే సమయం చాలా తక్కువ.
- మంచె: నీటి గుంట వద్దనో, మేత చోటనో చెట్టుపై మంచె కట్టి కాచుకోవడం. పై నుండి కిందికి కాల్చవలసి వస్తుంది.
- అడుగుజాడ వేట: తెల్లవారుజామున జాడ తెలిసినవాని వెంట నడిచి, గాలికి ఎదురుగా జంతువును సమీపించడం.

మూడు పద్ధతులలోనూ కాల్చే దూరం చాలాసార్లు 100 గజాల లోపే ఉండేది. పొదలు, వెదురు, బోద గడ్డి అంతకు మించి చూపును సాగనివ్వవు. రాకీ పర్వతాలలో వాపిటిని 200, 300 మీటర్ల దూరం నుండి కాల్చడం మామూలు. కనుక అక్కడ గుండు దూరం పోయినా కిందికి జారకుండా ఉండడం ముఖ్యం, ఇక్కడ దగ్గరలో లోతుగా చొచ్చుకుపోవడం ముఖ్యం.

క్యాలిబర్ అంటే ఏమిటి

తుపాకి గొట్టపు లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటారు. బ్రిటిషు, అమెరికా పద్ధతిలో దీనిని అంగుళంలో భాగంగా చెబుతారు. ఉదాహరణకు .375 అంటే 0.375 అంగుళం, అనగా సుమారు 9.5 మిల్లీమీటర్లు. ఐరోపా పద్ధతిలో 7×57 అని రాస్తే 7 గొట్టపు వ్యాసాన్ని, 57 తూటా గొట్టపు పొడవును మిల్లీమీటర్లలో సూచిస్తాయి. గాడులు లేని నున్నని గొట్టం గల తుపాకులను 'బోరు'తో కొలుస్తారు. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపోయే గుండ్లు పన్నెండు పోయగలిగితే అది 12 బోరు.

తూటా అనగా ఇత్తడి గొట్టం, మందు, గుండు కలిసిన మొత్తం. గొట్టం నుండి బయటకు పోయేది గుండు మాత్రమే. ఒకే వ్యాసం గల రెండు తూటాలలో మందు, గుండు బరువు వేరువేరుగా ఉండవచ్చును. అందువలన క్యాలిబర్ సంఖ్య ఒక్కటే తుపాకి శక్తిని తెలుపదు.

తుపాకుల పరిణామం

పల్లెలలో ఎక్కువగా ఉండినది మూతి నుండి మందు దట్టించే నాటు తుపాకి. దీనిని బర్మారు అని కూడా అంటారు. గాడులు లేకపోవుటచే దీని గుండు కొద్ది దూరానికే దారి తప్పుతుంది. ఒకసారి కాల్చిన తరువాత మళ్ళీ దట్టించుటకు చాలా సమయం పడుతుంది. మందు కొలత కూడా చేతి అంచనాయే. కణుజు వంటి పెద్ద జంతువును గాయపరచడానికి ఇది చాలును, వెంటనే చంపడానికి తరచుగా చాలదు.

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో బ్రిటిషు వేటగాళ్ళు .450, .500, .577 క్యాలిబర్ల నల్లమందు 'ఎక్స్‌ప్రెస్' రైఫిళ్ళను వాడారు. వీటిలో వేగం కోసం తేలికైన, ముందు భాగంలో డొల్ల గల సీసపు గుండును వాడేవారు. ఈ గుండు చర్మం కింద, కండలోనే చిట్లిపోయి లోపలి అవయవాలను చేరకపోయేది. సింహళంలోనూ, ఆఫ్రికాలోనూ వేటాడిన శామ్యూల్ బేకర్ పెద్ద జంతువులపై డొల్ల గుండ్లను వాడడాన్ని విమర్శించి, బరువైన గట్టి గుండునే సమర్థించాడు.

1890లలో పొగరాని మందు, ముఖ్యంగా కార్డైట్, వచ్చిన తరువాత పరిస్థితి మారింది. చిన్న వ్యాసం, ఎక్కువ వేగం, రాగి లేదా నికెల్ తొడుగు గల గుండు సాధ్యమయ్యాయి. 1907లో బ్రిటిషు ప్రభుత్వం .450 క్యాలిబర్ రైఫిళ్ళను, తూటాలను భారతదేశంలోకి, సూడాన్‌లోకి దిగుమతి చేయరాదని నిషేధించింది. మార్టిని-హెన్రీ సైనిక తుపాకులకు పనికివచ్చే సరుకు తిరుగుబాటుదారులకు చేరుతుందన్న భయం దీనికి కారణం. తుపాకి కంపెనీలు ఈ నిషేధాన్ని దాటుటకు .465, .470 వంటి కొత్త క్యాలిబర్లను తయారు చేశాయి. ఈ విధంగా భారతదేశంలో వేటగాని చేతికి ఏ తుపాకి వస్తుందన్నది జంతువును బట్టి మాత్రమే గాక, పాలకుల భద్రతా నియమాలను బట్టి కూడా నిర్ణయమైంది.

ఇదే కారణం చేత సైన్యం వాడిన .303 కూడా పౌరులకు సాధారణంగా అందుబాటులో లేకపోయింది. దానికి బదులుగా ప్రచారంలోకి వచ్చినది .315 క్యాలిబర్. ఇది ఆస్ట్రియా సైన్యపు 8×50 మాన్లిహర్ తూటా నుండి వచ్చినది. స్వాతంత్ర్యానంతరం భారత ఆయుధ కర్మాగారాలు ఈ రైఫిల్‌ను తయారు చేయుటచే, లైసెన్సు గల భారతీయుని సాధారణ రైఫిల్ ఇదే అయింది. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .30-06 క్రీడా రైఫిల్‌ను కూడా తయారు చేసింది.

కణుజుకు తగిన క్యాలిబర్లు

ఇరవయ్యవ శతాబ్దపు వేటలో కణుజు స్థాయి జంతువులకు వాడుకలో ఉన్న ముఖ్యమైన క్యాలిబర్లు ఇవి. అంకెలన్నీ గొట్టం మూతి వద్ద సుమారు విలువలు.

- .275 రిగ్బీ (7×57 మౌజర్): గుండు 9.1 గ్రాములు, వేగం సెకనుకు 810 మీటర్లు, శక్తి 3,000 జౌళ్ళు. జిమ్ కార్బెట్ వాడిన రైఫిళ్ళలో ఇది ఒకటి.
- .315: గుండు 15.8 గ్రాములు, వేగం సెకనుకు 620 మీటర్లు, శక్తి 3,000 జౌళ్ళు.
- .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ (1906): గుండు 11.7 గ్రాములు, వేగం సెకనుకు 820 మీటర్లు, శక్తి 3,900 జౌళ్ళు.
- .375 హాలండ్ అండ్ హాలండ్ మ్యాగ్నమ్ (1912): గుండు 19.4 గ్రాములు, వేగం సెకనుకు 770 మీటర్లు, శక్తి 5,750 జౌళ్ళు.
- .450/400 నైట్రో ఎక్స్‌ప్రెస్: గుండు 25.9 గ్రాములు, వేగం సెకనుకు 655 మీటర్లు, శక్తి 5,550 జౌళ్ళు. సాధారణంగా రెండు గొట్టాల రైఫిళ్ళలో వస్తుంది.

వీటిలో మొదటి రెండింటి శక్తి సమానమే అయినను స్వభావం వేరు. తేలికగా, వేగంగా పోయే .275 గుండు 200 మీటర్ల దూరంలో గొట్టపు సరళరేఖ నుండి సుమారు 35 సెంటీమీటర్లు కిందికి జారితే, .315 గుండు దానికి రెట్టింపుకు దగ్గరగా జారుతుంది. అమ్రాబాద్ అడవిలో 80 గజాల వద్ద ఈ భేదం లెక్కలోకి రాదు. అక్కడ .315 వంటి బరువైన, నిదానమైన గుండు లోతుగా చొచ్చుకుపోవడం ఒక సౌకర్యమే. బహిరంగ కొండ వాలులో మాత్రం .275 లేదా .30-06 మేలు.

.375 మరియు అంతకు మించినవి కణుజుకు అవసరమైనదాని కంటే ఎక్కువ శక్తి గలవి. అయినను అవి వాడుకలో ఉండుటకు కారణం, అదే అడవిలో పెద్దపులి, ఎలుగుబంటి కూడా ఎదురుపడే అవకాశం ఉండడమే. ఒకే తుపాకి కొనగలిగినవాడు ప్రమాదకరమైన జంతువును దృష్టిలో ఉంచుకొని కొనేవాడు.

పోలిక కొరకు, అమెరికాలోని కొలరాడో రాష్ట్ర నియమాల ప్రకారం వాపిటి వేటకు రైఫిల్ కనీసం .24 క్యాలిబర్, గుండు కనీసం 85 గ్రెయిన్లు (5.5 గ్రాములు) ఉండాలి. 100 గజాల వద్ద గుండుకు కనీసం 1,000 అడుగు-పౌన్ల శక్తి (సుమారు 1,360 జౌళ్ళు) మిగిలి ఉండాలి. పైన పేర్కొన్న ప్రతి తూటా ఈ హద్దును దాటుతుంది. అనగా మధ్యతరగతి క్యాలిబర్ కూడా, సరైన చోట తగిలితే, సరిపోతుంది.

గుండు నిర్మాణం క్యాలిబర్ కంటే తక్కువ ముఖ్యమైనది కాదు. మొత్తం తొడుగు గల గట్టి గుండు దుప్పి శరీరం గుండా చిన్న రంధ్రం చేసి దూసుకుపోతుంది. మొనలో సీసం బయటకు కనిపించే మెత్తని గుండు లోపల విచ్చుకొని పెద్ద గాయం చేస్తుంది. కణుజుకు రెండవదే తగినది. గురి పెట్టే చోటు ముందుకాలు వెనుక, శరీరపు కింది మూడవ భాగం. గుండె, ఊపిరితిత్తులు అక్కడ ఉంటాయి.

తుపాకి తన్ను

తుపాకి కాల్చినపుడు అది భుజాన్ని వెనుకకు తన్నుతుంది. దీనిని ఆంగ్లంలో రీకాయిల్ అంటారు. న్యూటన్ మూడవ గమన నియమం, ద్రవ్యవేగ నిత్యత్వ నియమం దీనికి ఆధారం. గుండు, మందు వాయువులు ముందుకు పొందిన ద్రవ్యవేగానికి సమానమైన ద్రవ్యవేగాన్ని తుపాకి వెనుకకు పొందుతుంది.

.30-06ను ఉదాహరణగా తీసుకొనవచ్చును. 0.0117 కిలోల గుండు సెకనుకు 820 మీటర్ల వేగంతో పోయినపుడు దాని ద్రవ్యవేగం 9.6. సుమారు 0.0036 కిలోల మందు వాయువుగా మారి సెకనుకు దాదాపు 1,400 మీటర్ల వేగంతో వెలువడినపుడు దాని ద్రవ్యవేగం 5. మొత్తం 14.6. తుపాకి బరువు 3.6 కిలోలైతే అది సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో వెనుకకు వస్తుంది. దాని గతిజశక్తి 30 జౌళ్ళు. తుపాకి బరువు 2.9 కిలోలకు తగ్గితే ఈ శక్తి 37 జౌళ్ళకు పెరుగుతుంది, 4.5 కిలోలకు పెరిగితే 24 జౌళ్ళకు తగ్గుతుంది. అనగా ఒకే తూటాకు తన్ను శక్తి తుపాకి బరువుకు విలోమానుపాతంలో ఉంటుంది.

ఇదే లెక్కన 3.4 కిలోల .275 రైఫిల్ తన్ను సుమారు 20 జౌళ్ళు, 4.1 కిలోల .375 రైఫిల్ తన్ను సుమారు 54 జౌళ్ళు. .275తో పోలిస్తే .375 గుండు శక్తి రెండింతల లోపే, కాని భుజంపై తన్ను రెండున్నర రెట్లు దాటుతుంది. పెద్ద క్యాలిబర్‌కు వేటగాడు చెల్లించే మూల్యం ఇది.

తన్ను వలన కలిగే అసలు నష్టం భుజపు నొప్పి కాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న మనిషి తరువాతి సారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకోవడం, భుజం బిగించడం, వేలితో ట్రిగ్గర్‌ను గుంజడం చేస్తాడు. గొట్టపు మూతి కొద్దిగా కదిలినా 80 గజాల వద్ద గుండు గుండె బదులు పొట్టకు తగులుతుంది. ఈ బెదురు మనిషికి తెలియకుండానే కలుగుతుంది. కనుక బెదురుతూ కాల్చిన .375 కంటే నిబ్బరంగా కాల్చిన .275 మేలు.

తన్నును అదుపు చేయు విధానాలు

- మడమ పొడవు: తుపాకి మడమ మనిషి చేయి పొడవుకు సరిపోవాలి. పొట్టిగా ఉంటే బొటనవేలు ముక్కుకు తగులుతుంది, పొడవుగా ఉంటే మడమ భుజపు గుంతలో కుదురుకోదు.
- పట్టు: మడమను భుజపు గుంతలో గట్టిగా ఆనించాలి. సందు వదిలితే తుపాకి వేగం పుంజుకొని కొడుతుంది. ఎముకపై ఆనించరాదు.
- రబ్బరు మెత్త: మడమ చివర రబ్బరు మెత్త అమర్చితే తన్ను ఎక్కువ సమయంలో, ఎక్కువ వైశాల్యంలో పంచబడుతుంది. మొత్తం ద్రవ్యవేగం తగ్గదు, దెబ్బ పదును తగ్గుతుంది.
- భంగిమ: నిలబడి కాల్చినపుడు శరీరం వెనుకకు ఊగి తన్నును మింగుతుంది. పడుకొని కాల్చినపుడు భుజం కదలలేదు కనుక దెబ్బ ఎక్కువగా తెలుస్తుంది. ఇరుకైన మంచెపై కూర్చొన్నవారు వీపును కొమ్మకు ఆనించుకొనేవారు.
- దుర్భిణి దూరం: తుపాకిపై అమర్చిన దుర్భిణికి, కంటికి మధ్య 75 నుండి 100 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. లేనిచో దాని అంచు కనుబొమను చీల్చుతుంది.
- అభ్యాసం: తన్ను దాదాపు లేని .22 రైఫిల్‌తో గురి నేర్చుకొని, తరువాత పెద్ద తుపాకితో ఒక పూటకు కొద్ది తూటాలు మాత్రమే కాల్చాలి. అసలు తూటాల మధ్య వట్టి తూటాను తెలియకుండా కలిపి ఇస్తే బెదురు బయటపడుతుంది. తుపాకి పేలకున్నా గొట్టం ఊగితే బెదురు ఉన్నట్లే.
- చెవి రక్షణ: బెదురుకు శబ్దం కూడా ఒక కారణం. అభ్యాసంలో చెవులను కప్పుకొనుట అవసరం. మూతి వద్ద రంధ్రాలు గల బ్రేకు తన్నును తగ్గించును గాని శబ్దాన్ని కాల్చువాని వైపు, పక్కనున్నవారి వైపు మళ్ళించును.

వేడి వాతావరణం మరొక విషయం. మందు వేడెక్కిన కొద్దీ గొట్టంలో పీడనం పెరుగుతుంది. మహబూబ్‌నగర్, నల్గొండ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో ఉంచిన తూటా ఎక్కువగా తన్నడమే గాక, ఖాళీ తూటా గొట్టంలో ఇరుక్కుపోవచ్చును. భారతదేశం వంటి వేడి దేశాల కొరకు బ్రిటిషు కంపెనీలు తక్కువ పీడనం గల తూటాలను రూపొందించడం ఇందుకే.

గాయపడిన కణుజు

ఊపిరితిత్తులలో గుండు తగిలిన కణుజు కూడా వెంటనే పడిపోక కొంత దూరం పరుగెత్తవచ్చును. నేలపై లేత ఎరుపు రంగు నురగ రక్తం ఊపిరితిత్తుల గాయానికి గుర్తు. ముదురు రక్తంతో పాటు మేత తునకలు కనిపిస్తే గుండు పొట్టకు తగిలినట్లు. పొట్ట గాయంతో జంతువు గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి బ్రతికి చనిపోతుంది. గాయపడిన జంతువును వదలి రాకూడదన్నది వేటగాళ్ళ నియమాలలో ముఖ్యమైనది. రాతి నేలపై, ఎండుటాకులపై ఈ జాడను పట్టుకొనుటలో చెంచులకు గల నేర్పు సాటిలేనిది.

చట్టం

ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండరాదు. ఈ చట్టంలోని 13వ సెక్షన్ ఆత్మరక్షణకు లేదా క్రీడకు కనీసం 20 అంగుళాల నున్నని గొట్టం గల తుపాకిని, నిజమైన పంట రక్షణకు మూతి నుండి దట్టించే తుపాకిని ప్రస్తావిస్తుంది. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదట కణుజును మూడవ షెడ్యూలులో చేర్చి, లైసెన్సుపై వేటకు కొంత అవకాశం ఉంచింది. 1991 సవరణ ఈ వేట లైసెన్సులను రద్దు చేసింది. అభయారణ్యంలో వేటాడితే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళ జైలు శిక్ష ఉంటుంది. మనుషులకు ప్రమాదకరంగా మారిన లేదా పంటను నాశనం చేసే జంతువు విషయంలో మాత్రం 11వ సెక్షన్ కింద అధికారులు ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చును.

నేటి పరిస్థితి

ఈ ప్రాంతాన్ని కలుపుకొని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడింది. 1983లో అది పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. దీని వైశాల్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు.

ఈ అడవిలో పెద్దపులికి ముఖ్యమైన ఆహారం కణుజు. ఒక్క పెద్ద కణుజు పులికి కొన్ని రోజుల తిండి. కణుజులు తగ్గితే పులి పశువుల వైపు మళ్ళుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2008 నుండి కణుజును ముప్పును ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో ఉంచింది. నేడు దానికి ప్రమాదం మంచి రైఫిళ్ళ వలన కాక నాటు తుపాకులు, ఉచ్చులు, కరెంటు తీగల వలన కలుగుతున్నది. నాటు తుపాకి తరచుగా జంతువును గాయపరచి విడిచిపెడుతుంది. ఉచ్చు, తీగ ఏ జంతువు వచ్చినదీ ఎంచవు. పంట కాపలాకు పెట్టిన తీగ వలన మనుషులు కూడా మరణిస్తున్నారు.

ఒకప్పుడు వేటగాళ్ళకు దారి చూపిన చెంచులలో పలువురు నేడు అటవీ శాఖలో కాపలాదారులుగా, పులుల జాడ పరిశీలకులుగా పనిచేస్తున్నారు. క్యాలిబర్, తన్ను, గురికి సంబంధించిన విజ్ఞానం గురి పోటీలలో, ఆయుధ నేరాల పరిశోధనలో కొనసాగుతున్నది. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్య పతకం సాధించాడు. ఆ పోటీలో వాడే 4.5 మిల్లీమీటర్ల రైఫిల్‌కు తన్ను దాదాపు ఉండదు.

ఇవి కూడా చూడండి

- కణుజు
- చెంచులు
- నల్లమల అడవులు
- అమ్రాబాద్ పులుల అభయారణ్యం
- న్యూటన్ గమన నియమాలు
- వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972